జంతుశాలను చూడవలసిన విధము

పట్టణమునకు బోయిన పిల్లలు జంతుశాలను జూడక తిరిగి రారు. సింహము గర్జించినదనియు, కోతి చేయి చాచినదనియు, గాజుపలక వెనుక చేప నోరు తెఱచినదనియు ఇంటికి వచ్చి చెప్పుకొని సంతోషింతురు. సంతోషించుట తప్పు గాదు. కాని చూచినదంతయు వింతగానే మిగిలిపోయి పాఠము కాకున్నచో, టిక్కెట్టునకు బెట్టిన పైకములో సగము వ్యర్థమైనట్లే. ఇట్టి శాలలను ఎందుకు కట్టిరి? అందు బంధింపబడిన జీవులకు మనము ఏమి ఋణపడియున్నాము? ఈ రెండు ప్రశ్నలకును లండను నగరమందలి జంతుశాల చరిత్రము మంచి సమాధాన మిచ్చును గనుక దానినే యీ వ్యాసమునకు విషయముగ గైకొంటిమి.

లండను జంతుశాస్త్ర సంఘము 1826లో స్థాపింపబడెను. సింగపూరు పట్టణమునకు పునాది వేసిన స్టాంఫర్డు రాఫిల్సు దీనికి ముఖ్యకారకుడు. సంఘము పుట్టిన యేడే యతడు మరణించెను. 1828లో రీజెంట్సు పార్కునందు సంఘమువారి తోట తెఱువబడెను. శాస్త్రపరిశోధనమే దాని యుద్దేశము. సామాన్యజనులకు 1847లో గాని అందు ప్రవేశము కలుగలేదు. తరువాత 1849లో సర్పశాలయు, 1853లో మత్స్యశాలయు, 1881లో కీటకశాలయు ఏర్పడెను. ప్రజలు చూచుటకై కట్టిన అక్వేరియములలో ప్రపంచమున మొదటిది ఈ 1853 నాటి మత్స్యశాలయే.

చూచుట యనగా నేమో యొక యుదాహరణము చెప్పెదము. 1838లో చార్లెస్ డార్విను ఈ తోటకు బోయి జెన్నీ యను ఒరాంగుటానును జూచెను. కాపరి యొక ఆపిలుపండును దానికి జూపి యీయక దాచెను. జెన్నీ వెల్లకిల బడి, కాళ్లు తన్నుకొనుచు, మారాము చేయు పసిపిల్లవలె నేడ్చెను. ఏడ్పు మానినచో పండిత్తునని కాపరి చెప్పగా, కొంతసేపటికి ఊరకుండి పండు పుచ్చుకొని, కుర్చీలో గూర్చుండి సంతృప్తితో తినెను. ఆనాడు ఆ జంతువును జూచి నవ్విపోయినవారు వేలకొలది యుందురు. డార్విను మాత్రము దాని ముఖమున కోపమును, ఆశను, ఆనందమును గుర్తించి సోదరికి జాబు వ్రాసెను; మనుష్యునకును జంతువునకును గల సంబంధమును గూర్చి యాలోచించెను. జంతువు ఒక్కటే, చూపు వేఱు.

ఇక మత్స్యశాల మాట. నీటితొట్టెలో చేపను వేసినంతమాత్రమున అది బ్రదుకదు. చేప తన మొప్పలగుండ నీటిలో గరగియున్న ప్రాణవాయువును తీసికొని, బొగ్గుపులుసు వాయువును విడుచును. కదలని నీటిలో ప్రాణవాయువు తఱుగగా చేప చచ్చును. 1850 ప్రాంతమున రాబర్టు వారింగ్టను అను లండను రసాయనశాస్త్రజ్ఞుడు ఒక తొట్టెలో రెండు బంగారుచేపలను, ఒక నీటిమొక్కను ఉంచి పరీక్షించెను. వెలుతురు తగిలిన మొక్క బొగ్గుపులుసు వాయువును గ్రహించి ప్రాణవాయువును విడిచెను, చేపలు బ్రదికెను. కాని కొన్నాళ్లకు ఆకులు కుళ్లి నీరు మురిగెను. అప్పుడతడు చెఱువునందలి నత్తలను దెచ్చి వేయగా, అవి కుళ్లిన యాకును తినివేసెను, నీరు తేటపడెను. చేప, మొక్క, నత్త యీ మూడును గూడిననే తొట్టె నిలిచినది. కంటికి గనబడని నాలుగవ సహాయముకూడ నున్నదని ఇప్పుడు మన మెఱుగుదుము: చేపల మలినమునుండి పుట్టు అమ్మోనియా యను విషమును సూక్ష్మజీవులు అంతగా హాని చేయని పదార్థముగ మార్చును. గాజుతొట్టె యొక చిన్న లోకము. అందు అల్పమని త్రోసివేయదగిన జీవి లేదు.

ఈ జంతుశాల చరిత్రములో దుఃఖకరములగు పుటలును గలవు. దక్షిణాఫ్రికాలో క్వాగ్గా యను జంతువుండెడిది. అది చారలగుఱ్ఱపు జాతిలోనిది. తలకును మెడకును మాత్రమే చారలు స్పష్టముగ నుండెడివి. వేటగాండ్రు దాని నడవిలో నిశ్శేషముగ జంపిరి. లండను తోటలో నుండిన యొక ఆడ క్వాగ్గాకు 1870 ప్రాంతమున ఛాయాచిత్రములు తీసిరి. ప్రాణముతో నుండగా చిత్రము తీయబడిన క్వాగ్గా అది యొక్కటియే. ఆ జాతిలో కడపటిది 1883లో ఆమ్‌స్టర్‌డాము జంతుశాలలో చచ్చెను. దాని యెదుట నిలిచి చూచినవారికి అదియే తుదిదని తెలియదు. మఱియు 1939లో యుద్ధమారంభము కాగానే, బాంబులు పడి పెట్టెలు పగిలినచో ప్రమాదమని లండను జంతుశాలలోని విషసర్పములను చంపివేసిరి. బంధించినవాడు ఆపత్కాలమునందు బంధింపబడినదానినే ముందుగ బలి యిచ్చుననుటకు ఇది నిదర్శనము.

స్థలము చాలకపోవుట మఱియొక లోపము. ఆ తోట వైశాల్యము సుమారు 36 ఎకరములు. అందుచేత సంఘమువారు గ్రామసీమలో విప్‌స్నేడు అను చోట విశాలమైన రెండవ శాలను 1931లో తెఱచిరి. 2001లో లండనులోని ఏనుగులను అచ్చటికే తరలించిరి. 1924లో కట్టిన పెద్ద మత్స్యశాలను 2019లో మూసివేసిరి. కావున నేడు లండను జంతుశాలకు బోవువారు అచ్చట ఏనుగును గాని, పూర్వపు మత్స్యశాలను గాని చూడజాలరు. ఇది నష్టమని కొందఱు తలంతురు. మాకు మాత్రము ఏనుగునకు చోటు చాలదని యొప్పుకొనుటయే యొక విద్యగా దోచుచున్నది.

ఇట్టి శాల చేయగల మేలు ఎంతటిదో పార్ట్యులా యను చిన్న నత్త చెప్పును. ఇవి పసిఫిక్ మహాసముద్రమునందలి తహితి మొదలగు దీవులలో జీవించునవి. ఆ దీవులకు ఆహారార్థము ఆఫ్రికా పెద్దనత్తను దెచ్చిరి. అది తప్పించుకొని పైరులను పాడుచేయ నారంభించెను. దానిని దినునని 1970లలో ఇతర నత్తలను వేటాడు వేఱొక నత్తను దెచ్చి విడిచిరి. ఆ క్రొత్త నత్త పెద్దదానిని వదలి పార్ట్యులాలను దినెను! పెక్కు జాతులు కొలది సంవత్సరములలో నశించెను. మిగిలినవానిలో కొన్నిటిని శాస్త్రజ్ఞులు చేతబట్టి తెచ్చి, లండనులోను ఇతర జంతుశాలలలోను పెట్టెలయందు పెంచిరి. 2015 మొదలు వాని సంతానమును, చిప్పపై రంగుచుక్క పెట్టి, మరల ఆ దీవులలో విడుచుచున్నారు. 2024లో మూరియా దీవియందు రంగుచుక్క లేని పార్ట్యులాలు కనబడెను. అనగా అవి అడవిలోనే పుట్టి పెరిగినవి. సింహముకొఱకు వచ్చిన జనము ఈ నత్తల పెట్టెను దాటిపోవుట సహజమే; కాని ఆ శాల ప్రతిష్ఠ సింహముకంటె నత్తవలననే యెక్కువగ నిలుచునని మా యభిప్రాయము.

మనకును ఇట్టి శాలలు క్రొత్తవి కావు. తెలుగు జిల్లాలు మద్రాసు రాజధానిలో నుండిన కాలమున, 1855లో ఎడ్వర్డు బాల్ఫరు మద్రాసు మ్యూజియమునందు జంతుశాలను స్థాపించెను. 1909లో అచ్చటి సముద్రతీరమున మత్స్యశాల వెలసెను. అది రెండవ ప్రపంచయుద్ధ కాలమున మూయబడెను. జంతుశాల 1985లో వండలూరు అడవికి మాఱెను. హైదరాబాదులోని జంతుశాల 1963లో ప్రజలకు తెఱువబడినది.

దీవులలో జరిగిన పొరపాటు మన యింటికిని వచ్చినది. దక్షిణ అమెరికానుండి యొక చేపను గాజుతొట్టెల పాచి నాకునని తెచ్చి దుకాణములలో నమ్ముదురు. అది పెద్దదై తొట్టె చాలనపుడు కొందఱు దయతలచి చెఱువులో విడిచిరి. నేడు అది తెలుగుదేశపు కాలువలలోను చెఱువులలోను విస్తరించినది. దాని వంటిమీది గట్టి ముండ్లు జాలరుల వలలను చింపుచున్నవి. జాలరులు దానిని రాకాసిచేప యందురు. తెలివి లేని దయ హాని చేయును.

కావున విద్యార్థులారా, జంతుశాలకు బోవునపుడు చిన్న పుస్తకమును, పెన్సిలును వెంట గొనిపొండు. అన్నిటిని పరుగున జూడక, మూడు జంతువులయొద్ద మాత్రము పావుగంట చొప్పున నిలువుడు. అది యేమి తినును, ఎచ్చటిది, అచ్చట ఇంకను మిగిలియున్నదా యను మూడు ప్రశ్నలకు ప్రత్యుత్తరము వ్రాయుడు. గాజుపలకను తట్టకుడు, చేప తన ప్రక్కలనున్న గీతతో నీటి కదలికను గ్రహించును గనుక మీ తట్టు దానిని బెదరించును. తినుబండారములను విసరకుడు. తల్లిదండ్రులారా, పిల్లలు ప్రశ్న లడిగినపుడు పొద్దుపోవుచున్నదని తొందర పెట్టకుడు. ఆ జంతువు తన స్వేచ్ఛను గోల్పోయి మనకు పాఠము చెప్పుచున్నది. ఆ పాఠమును శ్రద్ధతో నేర్చుకొనుటయే దానికి మనము చెల్లింపదగిన యద్దె.