వెనుక వాటా – ఖర్చుల వాటా

తెలుగులో ‘వాటా’ అను మాటకు రెండర్థాలున్నాయి. ఒక కుటుంబం వేరుగా నివసించుటకు వీలైన ఇంటిభాగం వాటా. సొమ్ములో ఒకరికి రావలసిన, లేక ఒకరు భరింపవలసిన పాలు కూడ వాటాయే. వృద్ధులైన తల్లిదండ్రులు బిడ్డల ఇంటి వెనుక వాటాలోనికి వచ్చినప్పుడు మొదటి అర్థాన్ని గురించి అందరూ మాట్లాడతారు. గది ఎంత పెద్దది, మెట్లున్నవా, స్నానాలగది దగ్గరేనా అని విచారిస్తారు. రెండవ అర్థాన్ని ఎత్తుట మర్యాద కాదని ఊరకుంటారు. చిక్కులు అక్కడే మొదలవుతాయి.

మా తండ్రిగారు ఉద్యోగవిరమణ చేసి మా వెనుక వాటాలోనికి వచ్చినప్పుడు తమ పింఛనులో కొంత నా చేతిలో పెట్టబోయారు. నేను పుచ్చుకొనలేదు. అది పుత్రధర్మమనుకున్నాను. రెండు నెలల పిదప తెలిసినదేమనగా, నడివేసవిలో ఆయన ఫ్యాను వేసుకొనక పగలంతా వేపచెట్టు క్రింద కూర్చుంటున్నారు. మా అమ్మగారు చీకటిపడినా దీపం వేయుటలేదు. మా బిల్లు పెరుగునని వారి బెంగ. నేను చూపిన ఔదార్యం వారిని అతిథులుగా మార్చినది.

అప్పుడు కాగితం, కలం పట్టి కూర్చున్నాము. ఇంటిపన్ను, మరమ్మతులు వారు రాకున్నను మాకు తప్పనివి; వాటిలో వారికి పాలు పెట్టుట అన్యాయం. బియ్యం, పాలు, గ్యాసు మనుషులను బట్టి పెరుగుతాయి. ఆరుగురి వంటకు నెలకు 12,000 రూపాయలైతే ఇద్దరి పాలు 4,000 అని తలసరి లెక్క చెబుతుంది. కాని పెద్దవారి ఆహారం తక్కువ. కావున అంతకన్న తగ్గించుటే సబబు.

విద్యుత్తు లెక్క కొంచెం జటిలం. స్లాబుల పద్ధతిలో వాడకం పెరిగినకొలది పై యూనిట్లకు ధర హెచ్చుతుంది. ఒకే మీటరుపై 150 యూనిట్ల వాడకం 230 అయినదనుకొనండి. పెరిగిన 80 యూనిట్లకు హెచ్చు ధర పడుతుంది. ఆ 80 వృద్ధులవేనని వారిపై మోపుట తగదు. ముందు వాడినవి మావి, తరువాతవి వారివి అని ఎవరు నిర్ణయించగలరు? వెనుక వాటాకు ఒక చిన్న ఉపమీటరు అమర్చి, మొత్తం బిల్లును యూనిట్ల ప్రకారం పంచుకొనుట మేలు.

ఇక కోడలి చాకిరి ఏ పద్దులోను ఎక్కదు. దానికి వెల కట్టలేము గాని, తోబుట్టువులు పాళ్లు వేసుకొనునప్పుడు దానిని లెక్కలో ఉంచుకొనవలెను.

తల్లిదండ్రులకు ఆదాయమే లేకపోతే? 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం మతభేదం లేకుండ వర్తిస్తుంది. తమ సంపాదనతో గాని, ఆస్తితో గాని బ్రతకలేనివారు ట్రిబ్యునలును ఆశ్రయింపవచ్చును. భరణానికి ఆ చట్టం విధించిన గరిష్ఠపరిమితి నెలకు 10,000 రూపాయలు. ఆ బాధ్యత కుమారులదే కాదు, కుమార్తెలది కూడ. వివాహితయైన కుమార్తె సైతం తల్లిదండ్రులను పోషింపవలసినదేనని సుప్రీంకోర్టు 1987లోనే తీర్పు చెప్పినది. కనుక పెద్దలు ఒకరి ఇంట ఉన్నంతమాత్రాన మిగిలిన బిడ్డల బాధ్యత తీరిపోదు.

వెనుక వాటా కట్టుటకు తండ్రి తన గ్రాట్యుటీ సొమ్ము ఇచ్చిన పక్షంలో మరింత జాగ్రత్త అవసరం. అది హిబాయా, కర్జా? దానమై కుమారుని చేతికి ముట్టినచో అది అతనిదే. ఋణమైతే తండ్రి తదనంతరం ఆ బాకీలో అక్కచెల్లెండ్రకు కూడ పాలున్నది. ఒక్క కాగితంపై వ్రాసి, అందరిచేత సంతకాలు చేయించుటకు అర్ధగంట చాలును. ఆ అర్ధగంట మొగమాటపడి, ఏళ్ల తరబడి న్యాయస్థానాల చుట్టు తిరుగుతున్న కుటుంబాలను మీరును చూచియుందురు.

మా ఇంట కుదిరిన ఒప్పందం ప్రకారం పాలవాని పద్దు, వెనుక వాటా విద్యుత్తు మా తండ్రిగారివి. మందుల ఖర్చు నేను, మా చెల్లెలు చెరిసగం. ఫ్యాను ఇప్పుడు తిరుగుతున్నది. మొన్న ఆయన బిల్లు చేతబట్టుకొని వచ్చి, తమ వాటాలో 14 రూపాయలు ఎక్కువ పడినవని నాతో గంటసేపు వాదించారు. లెక్క తిరుగవేసి చూచితిని. ఆయన చెప్పినదే నిజము.