పడుగు పోయుట: పంచాయతి సభ్యులు ఎరుగదగిన సంగతులు

రేగొండ చేలలో పండు ప్రత్తిని మనమందరము ఎరుగుదుము. 2016 వరకు ఈ మండలము వరంగల్లు జిల్లాలోనిదే. ఆ వరంగల్లులోని కొత్తవాడ నేతగాండ్రు పేరు నిలిపిన జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించినది. జంపఖానాను పరచి చూచినచో కంటికి కనబడు రంగులన్నియు పేకవే. పడుగు దాని చాటున దాగియుండును. అయినను మగ్గముపై బిగువునంతయు భరించునది ఆ పడుగే.

పడుగు మగ్గమెక్కక మునుపే దాని మంచిచెడ్డలు నిర్ణయమైపోవును. పోయునపుడు ఒక గడియలో జరిగిన పొరపాటును నేతగాడు పదిదినములు అనుభవింపవలసి వచ్చును. కావున ఈ పనిని కొంత వివరముగా తెలిసికొందము.

48 అంగుళముల వెడల్పున, అంగుళమునకు 50 దారముల చొప్పున నేయు గుడ్డకు 2,400 దారములు కావలెను. 120 దారములను ఒక పుంజమనుట మన నేతగాండ్ర పాతలెక్క. ఆ లెక్కను ఇది 20 పుంజముల పడుగు. పొడవు 20 గజములైనచో మొత్తము 48,000 గజముల నూలు పట్టును. చిలప ఒకటికి 840 గజములు గనుక 58 చిలపలు సిద్ధపరచుకొనవలెను.

పూర్వపు పద్ధతిలో నేలపై గుంజలు పాతి, చేతికొక కండె పట్టుకొని, ఆ కొస నుండి ఈ కొసకు నడచుచు దారము వేయుదురు. ఒక్కొక్క నడకకు రెండు దారములు పడును. అనగా 1,200 నడకలు, 24,000 గజములు! ఇది 22 కిలోమీటరుల దూరము. పెక్కు ఇండ్లలో ఈ నడక స్త్రీలదే. కూలి లెక్కలలో మాత్రము ఇది ఎక్కడను కానరాదు.

కొసనున్న రెండు గుంజలకడ ఒక దారము మొదటిదానికి పైగాను రెండవదానికి క్రిందుగాను పోవలెను. దాని ప్రక్క దారము ఇందుకు విరుద్ధముగా పోవలెను. ఇట్లు దారములు ఒకదానినొకటి దాటుచోట రెండు పుల్లలు దూర్చి కట్టిన పిమ్మటనే పడుగును గుంజలనుండి తీయవలెను. ఈ దాటు చెడినచో 2,400 దారములలో ఏది ముందో ఏది వెనుకో బ్రహ్మదేవునికైనను తెలియదు. పుంజము పూర్తియైనప్పుడెల్ల రంగునూలుతో ముడి వేసినచో లెక్క తప్పదు. దారము తెగినచో నడుమ ముడివేయక, గుంజ వరకు వెనుకకు పోయి అచ్చట అతుకవలెను.

గుంజలు గట్టిగా నుండుట అన్నిటికంటె ముఖ్యము. దారములు పెరిగిన కొలది బిగువుచేత గుంజలు లోపలికి వంగును. అపుడు చివర వేసినవి పొట్టివై, మొదట వేసినవి వదులై పోవును. మగ్గముపై ఆ వదులు దారములు వ్రేలాడి నాడెకు తగిలి తెగును.

నడకను తగ్గించు ఉపాయము కష్టమైనది కాదు. 40 కండెలను ఒక చట్రమున నిలిపి, దారములన్నియు ఒక్కమారే లాగినచో 1,200 నడకలు 60 అగును. ఒకటి విడిచి ఒకటిగా రంధ్రములు, సందులు గల పలకగుండా ఈ దారములను పంపవలెను. పలకను ఎత్తి దించుటతో సరి బేసి దారములు వేరుపడి దాటు తప్పక నిలుచును. చట్రమునకు తోడు తిరుగు పీపా యున్నచో నడకయే ఉండదు.

ఆలేరు ప్రాంతపు శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశము కథ ఇచ్చట స్మరింపదగినది. చిటికి కట్టుటకు ముందు పేక నూలును గుంజల చుట్టు త్రిప్పు ఆసుపనిలో, ఒక చీరకు సుమారు 9,000 సార్లు చేయి ఆడింపవలెను. తల్లి భుజములనొప్పి చూడలేక ఆయన 1992లో పూనుకొని 1999లో యంత్రమును పూర్తిచేసి, దానికి తల్లిపేర లక్ష్మీ ఆసుయంత్రమని పేరిడెను. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించినది. అది పేకపని, మనము చెప్పుకొనునది పడుగుపని. అయినను చేతులకు, కాళ్ళకు కలుగు కష్టమొక్కటియే.

ఇక పంచాయతి వంతు. పోసిన పడుగును వీధిలో సాగదీసి, గంజి పట్టించి, కుంచెతో దువ్వుట తెల్లవారుజామున జరుగు పని. ఎండ ముదిరినచో గంజి తొందరగా ఆరి దారములు అంటుకొనును. నేతగాండ్రున్న వాడలో 30 గజముల వీధిని ఉదయము రెండు గంటలపాటు బండ్లు రాకుండ విడిచిపెట్టుటకు ఒక తీర్మానము చాలును. ప్రక్కన వేపచెట్లు నాటింపవచ్చును. సిమెంటు వీధి వేయించునపుడు గుంజలు నిలుపుటకు ఇనుపగొట్టపు ముక్కలను నేలమట్టమునకు పూడ్పించి, మూతలు పెట్టింపవలెను. కాంక్రీటు పోయుటకు ముందుగానే నేతగాండ్రను పిలిచి, గొట్టముల నడుమ ఎంత దూరముండవలెనో వారిచేతనే కొలిపించుట మేలు.