బైక్‌కు ఫెయిరింగ్: గాలిని ఎంత ఆపితే హాయి?

సూరత్‌లోని ఉధ్నా మరమగ్గాలకు పేరుపొందిన ప్రాంతం. అక్కడా, చుట్టుపక్కలా తెలుగు నేత కుటుంబాలు చాలానే స్థిరపడ్డాయి. ఉధ్నా నుంచి ఒకరు బైక్‌పై బార్డోలి, వ్యారా, నవాపూర్ మీదుగా ధూళేకు బయలుదేరారనుకుందాం. రెండు వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణం. దిగేసరికి మెడ పట్టేస్తుంది, చెవుల్లో హోరు ఆగదు. చాలామంది సీటును తిట్టుకుంటారు. నిజానికి ఈ అలసటలో గాలి వాటా కూడా పెద్దదే.

గాలి ఎంత బలంగా తోస్తుంది?

గాలి నిరోధం వేగం వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. ఫెయిరింగ్ లేని బైక్‌పై రైడర్ నిటారుగా కూర్చుంటే, గంటకు 60 కి.మీ. వేగంలో ఆ నిరోధం సుమారు 10 కిలోల బరువుతో సమానం. 100 కి.మీ. వేగంలో అది దాదాపు 28 కిలోలు అవుతుంది. అందులో ఛాతీపై, హెల్మెట్‌పై పడే భాగాన్ని మెడ, భుజాలు, చేతులు గంటల తరబడి మోయాలి.

రకాలు, లాభనష్టాలు

హెడ్‌లైట్‌పై ఉండే చిన్న విండ్‌స్క్రీన్ ఛాతీని కొంత కాపాడుతుంది. సగం ఫెయిరింగ్ నడుము పైభాగానికి రక్షణ ఇస్తుంది. పూర్తి ఫెయిరింగ్ కాళ్లనూ కప్పుతుంది. కానీ కప్పే వైశాల్యం పెరిగేకొద్దీ పక్కగాలి తోసే బలమూ పెరుగుతుంది. 1950లలో రేసు బైక్‌లు ముందు చక్రాన్ని కూడా కప్పేసే ఫెయిరింగ్‌లు వాడేవి. పక్కగాలికి అవి ప్రమాదకరమని 1958 సీజన్ నుంచి నిషేధించారు. 1976లో వచ్చిన బీఎండబ్ల్యూ ఆర్100ఆర్ఎస్ పూర్తి ఫెయిరింగ్‌ను ఇటలీలోని పినిన్‌ఫరీనా విండ్ టన్నెల్‌లో పరీక్షించి రూపొందించారు.

ఎక్కడ బిగించారన్నదీ ముఖ్యమే. హ్యాండిల్‌తో పాటు తిరిగే ఫెయిరింగ్‌పై పక్కగాలి కొడితే ఆ కుదుపు నేరుగా చేతులకు తెలుస్తుంది. ఛాసిస్‌కు బిగించినదైతే హ్యాండిల్ తేలిగ్గా ఉంటుంది. ట్రక్కులను దాటేటప్పుడు ఈ తేడా బాగా అర్థమవుతుంది.

ఎత్తు పెంచితే చాలా?

చాలదు. విండ్‌స్క్రీన్ పై అంచు దగ్గర గాలి విడిపోయి సుడులు తిరుగుతుంది. ఆ సుడులు సరిగ్గా హెల్మెట్‌కు తగిలితే తల అదురుతుంది, హోరు పెరుగుతుంది. అందుకే కొందరికి అసలు స్క్రీన్ లేని బైకే నయమనిపిస్తుంది. అక్కడ గాలి గట్టిగా కొట్టినా నిలకడగా ఉంటుంది. స్క్రీన్ అడుగున చిన్న సందు ఉంటే వెనక పీడనం తగ్గకుండా చూసి, సుడుల తీవ్రతను తగ్గిస్తుంది.

హోరును తేలిగ్గా తీసుకోకూడదు. గంటకు 100 కి.మీ. వేగంలో హెల్మెట్ లోపల శబ్దం 90 డెసిబెల్స్ దాటవచ్చు. రోజంతా మరమగ్గాల చప్పుడులో పనిచేసే చెవులకు ఇది అదనపు భారం.

ఎండలో తీర్పు మారుతుంది

సూరత్‌లో తేమ ఎక్కువ. చెమట ఆరాలంటే గాలి తగలాలి. పైగా ట్రాఫిక్‌లో పూర్తి ఫెయిరింగ్ ఉంటే ఇంజిన్ వేడి మోకాళ్లకు తగులుతుంది. ధూళే వైపు వేసవి గాలి పొడిగా, 40 డిగ్రీలు దాటి ఉంటుంది. మన చర్మం ఉష్ణోగ్రత సుమారు 35 డిగ్రీలు. అంతకంటే వేడిగాలి ఒంటికి వేడిని చేర్చడమే కాక చెమటను వేగంగా ఆర్పేసి నీటిని హరిస్తుంది. అక్కడ అదే ఫెయిరింగ్ మేలు చేస్తుంది. ఒకే దారిలో ఒకే బైక్‌కు రెండు ఫలితాలు!

మీరే పరీక్షించండి

ఖాళీగా, తిన్నగా ఉన్న రోడ్డుపై స్థిరమైన వేగంతో వెళ్తూ, చూపు రోడ్డుపైనే ఉంచి, తలను కొద్దిగా పైకెత్తండి. హోరు, అదురు తగ్గితే మీకు పొట్టి స్క్రీన్ సరిపోతుంది. కిందికి వంగినప్పుడు తగ్గితే కాస్త ఎత్తైనది కావాలి. అయితే దాని పై అంచు మీదుగా రోడ్డు కనిపించాలి. మీ ఎత్తు వేరు, మీ మిత్రుడి ఎత్తు వేరు. అతనికి హాయిగా ఉన్న స్క్రీన్ మీ తలను అదరగొట్టవచ్చు. కాబట్టి కొనేముందు ఒకసారి నడిపి చూడండి. దూర ప్రయాణానికి ఇయర్‌ప్లగ్‌లు, సీసా నిండా నీళ్లు మాత్రం ఏ బైక్‌కైనా తప్పనిసరి.