అయిపోయిన సెల్లు షాపువాళ్లు తీసుకోవాలా?

ప్రశ్న: రిమోటు సెల్లు, ఉబ్బిన పవర్ బ్యాంకు కొన్న షాపుకే తీసుకెళ్తే ‘అమ్మడం వరకే మా పని’ అన్నారు. చట్టప్రకారం తీసుకోవాల్సిందే కదా?
– ఓ పాఠకురాలు, గుంటూరు

జవాబు: తీసుకుంటేనే బాగుండేది. కానీ మన చట్టం ఆ భారం దుకాణదారు నెత్తిన పెట్టలేదు. 2022 ఆగస్టులో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం పాతవి సేకరించి రీసైక్లింగుకు పంపించే పూచీ ఉత్పత్తిదారుది. తయారీ కంపెనీతోపాటు దిగుమతి చేసుకునేవాళ్లు, తమ బ్రాండు పేరుతో అమ్మేవాళ్లు కూడా ఆ మాట కిందికే వస్తారు. కాబట్టి ఆ షాపు సొంత బ్రాండు సెల్లు అమ్ముతుంటే మాత్రం పూచీ తప్పించుకోలేదు. ప్యాకెట్టు వెనక పేరెవరిదో ఒకసారి చూడండి.

2001 నాటి పాత నిబంధనల్లో డీలరు బాధ్యత స్పష్టంగా ఉండేది. కొత్త బ్యాటరీ అమ్మినప్పుడు పాతది తీసుకుని ధర తగ్గించాలి. అయితే అవి లెడ్ యాసిడ్ బ్యాటరీలకే వర్తించేవి. ఇన్వర్టరు బ్యాటరీకి నేటికీ ఎక్స్ఛేంజి ధర దొరుకుతోంది. సీసానికి రేటుంది మరి! పెన్సిల్ సెల్లును ఎవరడుగుతారు? ఇన్వర్టరు బ్యాటరీ ఎక్స్ఛేంజి చేసినప్పుడు తగ్గించిన మొత్తం బిల్లులో రాయించుకోండి. బిల్లే ఇవ్వనంటే అది 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద అనుచిత వ్యాపార పద్ధతి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు.

షాపువాళ్లు పాత సెల్లు తీసుకోకపోవడం జర్మనీలో ఉండే మనవాళ్లకు వింతగా తోచవచ్చు. అక్కడ సెల్లు అమ్మే షాపు వాడినవాటిని ఉచితంగా తీసుకోవాలి. కారు బ్యాటరీ కొంటూ పాతది ఇవ్వకపోతే 7.50 యూరోలు డిపాజిట్ కట్టించుకుంటారు. మన దగ్గర డిపాజిట్ పథకం పెట్టాలో వద్దో కంపెనీ ఇష్టానికే వదిలేశారు. ఇది నాకు లోపంగానే కనిపిస్తుంది.

నిబంధనలు మీకూ ఓ పని పెట్టాయి. బ్యాటరీలను ఇంటి చెత్తలో కలపకూడదు, సేకరించేవారికో రీసైక్లింగు చేసేవారికో ఇవ్వాలి. వాటి మీద చెత్తబుట్టను కొట్టేసినట్టుండే గుర్తు ఇందుకే. బటన్ సెల్లుకు రెండు వైపులా టేపు అంటించి, పిల్లలకు అందకుండా పెట్టండి. ఉబ్బిన పవర్ బ్యాంకును ఛార్జింగు పెట్టొద్దు, పొడవొద్దు, మంట అంటుకునే వస్తువులకు దూరంగా ఉంచండి.

సేకరణ కేంద్రం ఎక్కడుందో చెప్పమని ప్యాకెట్టు మీద పేరున్న కంపెనీకి ఈమెయిల్ పెట్టండి. ఫోనులో అడిగితే రుజువుండదు. జవాబు రాకపోతే ఆ ఈమెయిల్, కొన్న బిల్లు జతచేసి రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి ఫిర్యాదు రాయండి.