అపార్టుమెంటు మొత్తం లీజుకు, ఆపైన కొనే హక్కు: తరచూ అడిగే ప్రశ్నలు

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులలో అపార్టుమెంటు ఉండి, తాము బెంగళూరులోనో హైదరాబాదులోనో ఉండే యజమానులకూ, ఆ భవనాన్ని నడిపి తర్వాత కొనాలనుకునే వాళ్లకూ ఈ జవాబులు.

అసలు ఈ ఏర్పాటు ఏమిటి?
భవనమంతా ఒక్కరే లీజుకు తీసుకుని, ఫ్లాట్లను తాను బాడుగకిస్తారు. ఫ్లాట్లు ఖాళీగా ఉన్నా యజమానికి నెలనెలా ఒప్పుకున్న మొత్తం కట్టాల్సిందే. ముందే రాసుకున్న ధరకు, గడువులోగా కొనే హక్కు లీజుదారుడికి ఉంటుంది. కొనితీరాలన్న బలవంతం లేదు.

11 నెలల అగ్రిమెంటు చాలదా?
చాలదు. ఇలాంటి లీజు కొన్నేళ్లపాటు సాగేది; ఏడాది దాటే లీజును 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, 107వ సెక్షన్ ప్రకారం రిజిస్టరు చేయాలి. పత్రం మీద ఇద్దరూ సంతకం పెట్టాలి. రిజిస్ట్రేషన్ లేని ఐదేళ్ల లీజు కోర్టుకెక్కితే, నివాస భవనానికి అది నెలవారీ బాడుగగానే మిగలొచ్చు. అప్పుడు 15 రోజుల నోటీసుతో ఖాళీ చేయమనవచ్చు. ఆ భవనానికి రంగులు వేయించి, బోరు వేయించి, లిఫ్టు బాగుచేయించిన మనిషి బతుకు ఆ నోటీసు మీద ఆధారపడకూడదు.

కొనే హక్కు లీజులో ఒక వాక్యంగా రాస్తే సరిపోతుందా?
ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ధర ఎంత, కట్టే బాడుగలో ఎంత భాగం ధరలోకి జమవుతుంది, కొంటానని ఏ తేదీలోగా, ఎలా తెలపాలి అన్నీ రాయించండి. తేదీ దాటితే హక్కు పోతుంది. యజమాని అమ్మకం పత్రం రాసివ్వనంటే మూడేళ్లలోపు దావా వేయాలి. ఒప్పందం రిజిస్టరైతే ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్)లో కనబడుతుంది. కాకపోతే, ఈ సంగతి తెలియకుండా డబ్బిచ్చి కొన్న మూడో వ్యక్తి చేతికి భవనం పోవచ్చు. ఇంకొకటి: అమ్మకం ఒప్పందం కింద స్వాధీనం ఇచ్చినట్టు రాస్తే, ఆంధ్రప్రదేశ్‌లో దాన్ని అమ్మకంగానే లెక్కగట్టి స్టాంపు డ్యూటీ అడుగుతారు. అందుకే పత్రం రాయించక ముందే సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో విచారించుకోండి.

భవనం మీద బ్యాంకు అప్పుంటే?
బ్యాంకు లిఖిత అనుమతి లేకుండా ముందుకు పోవద్దు. తనఖాలో ఉన్న భవనాన్ని యజమాని తనంతట తాను మూడేళ్లకు మించి లీజుకివ్వడానికి ఆస్తి బదిలీ చట్టం 65ఎ సెక్షన్ ఒప్పుకోదు. యజమాని కంతులు ఎగ్గొడితే, బ్యాంకు 2002 నాటి సర్ఫేసి చట్టం కింద భవనాన్ని స్వాధీనం చేసుకోవచ్చు. కంతులు నేరుగా లీజుదారుడే కట్టి, బాడుగలో మినహాయించుకునే షరతు రాయించుకోవడం మేలు.

సంతకాలు ఎవరెవరివి?
హక్కున్న అందరివీ. ఉమ్మడి ఆస్తయితే ఆడబిడ్డలవీ కావాలి. హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణ వాళ్లకు కొడుకులతో సమాన హక్కిచ్చింది. డెవలప్‌మెంటు ఒప్పందం మీద కట్టినదైతే స్థలం యజమానీ బిల్డరూ ఇద్దరూ రావాలి.

ఫ్లాట్లలో బాడుగకున్నవాళ్ల సంగతి?
తిరిగి బాడుగకివ్వడానికి యజమాని లిఖిత అనుమతి పత్రంలోనే ఉండాలి. లీజుదారుడు తనంతట తాను లీజు వదులుకుంటే లోపలున్నవాళ్ల హక్కు పోదు. షరతు మీరినందుకు యజమాని లీజు రద్దు చేస్తే మాత్రం, ఆస్తి బదిలీ చట్టం 115వ సెక్షన్ ప్రకారం వాళ్ల బాడుగ ఒప్పందాలూ దాంతోపాటే రద్దవుతాయి. ఏ తప్పూ చేయని కుటుంబాలు వీధిన పడే దారి ఇది. కాబట్టి లీజు పోయినా వాళ్లను నేరుగా తన బాడుగదారులుగా ఒప్పుకుంటాననీ, వాళ్ల అడ్వాన్సులకు తాను బాధ్యుడననీ యజమాని చేత అదే పత్రంలో రాయించాలి. ఫ్లాటు బాడుగకు తీసుకునేవాళ్లు అడ్వాన్సు ఇచ్చే ముందు ఆ పేజీ చూపించమని అడగాలి.