చెమట ఎక్కువగా పడుతోందా? ఇంటి వైద్యం ఎంతవరకు?

చెమట పట్టడం రోగం కాదు. ఒంట్లో వేడి పెరిగినప్పుడు చర్మంలోని లక్షలాది గ్రంథులు నీటిని బయటకు పంపుతాయి. ఆ నీరు ఆరుతూ వేడిని తీసుకుపోతుంది. ఎండాకాలంలో జీడితోటలో పిక్కలు ఏరేవారి చొక్కా పిండుకునేంతగా తడిసినా శరీరం తన పని తాను చేసుకుంటున్నట్టే.

కొందరికి మాత్రం ఎండ లేకపోయినా, పని చేయకపోయినా అరచేతులు, అరికాళ్లు, చంకలు తడిసిపోతుంటాయి. ఇది సాధారణంగా చిన్నతనంలోనో యుక్తవయసులోనో మొదలవుతుంది. నిద్రలో ఉండదు. తల్లికో తండ్రికో కూడా ఉండవచ్చు. జవాబు పత్రం తడిసిపోతుందని బెంగపడే విద్యార్థి, ఆరాధన అయ్యాక కరచాలనానికి వెనుకాడే యువతి ఎంత బాధపడతారో ఇంట్లోవారు తరచు గుర్తించరు. "నరాల బలహీనత" అనుకుని టానిక్కులు కొనిపెట్టడం దండుగ.

ఇలాంటివారికి తేలికైన ఇంటి వైద్యం టీ పొడి. లీటరు నీటిలో మూడు చెంచాల టీ పొడి వేసి పది నిమిషాలు మరిగించి, చల్లార్చి వడకట్టండి. అందులో చేతులు లేదా పాదాలు అరగంట ఉంచండి. పది రోజులు వరుసగా చేసి చూడండి. టీలోని వగరు పదార్థం చర్మాన్ని బిగిస్తుంది. కరక్కాయలో ఉన్నదీ ఆ వగరే. చర్మానికి కొంచెం రంగు అంటుతుంది, కంగారుపడకండి. చంకలకు పటిక పనికివస్తుంది. రాత్రి పడుకునే ముందు పొడి చర్మం మీద తడిపిన పటిక రుద్ది, ఉదయం కడుక్కోండి. గీరుకున్న చర్మం మీద రాయకూడదు. మందుల షాపులో దొరికే చెమట లోషన్లలోనూ ఎక్కువగా ఉండేది అల్యూమినియం లవణమే. వట్టివేళ్లు వేసిన కుండ నీళ్లు హాయిగా ఉంటాయి గాని, అవి చెమటను ఆపుతాయని నిరూపణ లేదు. బట్టల విషయానికొస్తే, పొందూరు ఖద్దరు ఉన్న జిల్లాలో పాలిస్టర్ చొక్కాలతో ఉడికిపోవడం ఎందుకు?

ఇవన్నీ పైపూత వైద్యాలు. కడుపులోకి తీసుకునే కషాయాల సంగతి వేరు. చెమట తగ్గిస్తామంటూ ఎవరో ఇచ్చిన పేరు తెలియని ఆకులు, వేర్లు తాగవద్దు. 1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గడానికి చైనా మూలికల మాత్రలు వాడిన వందమందికి పైగా స్త్రీల మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. మూలిక పొరపాటున మారిపోయి ఒక విషపు మొక్క కలవడమే కారణం. మన చేలగట్ల మీద కనిపించే గాడిదగడప ఆకు ఆ జాతిదే.

మన ప్రాంతంలో ఈ మాట మరీ గట్టిగా చెప్పాలి. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల ఉద్దానం పల్లెల్లో మూత్రపిండాల జబ్బు ఎన్ని ఇళ్లను కుంగదీసిందో మీకు తెలిసిందే. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ ఆసుపత్రి, పరిశోధనా కేంద్రం ప్రారంభమయ్యాయి. అయినా ఈ జబ్బుకు అసలు కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. ఎండలో పనిచేస్తూ చాలినన్ని నీళ్లు తాగకపోవడం మూత్రపిండాలకు భారమని మాత్రం తెలుసు. కాబట్టి తోట పనివారు చెమటను ఆపుకోవాలని చూడకూడదు, పోయిన నీటిని నింపుకోవాలి. తరవాణి, చోడి అంబలి, ఉప్పు వేసిన మజ్జిగ ఇందుకు చక్కనివి. దాహం వేసేదాకా ఆగవద్దు.

మూత్రపిండాల జబ్బు ఇప్పటికే ఉన్నవారికి ఈ సలహా వర్తించదు. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, అది వారికి ప్రమాదం. నీళ్లు, ఉప్పు ఎంత తీసుకోవాలో వారు డాక్టరునే అడగాలి.

కొన్ని చెమటలకు ఇంటి వైద్యం అసలు చేయకూడదు. రాత్రి పక్క తడిసిపోతూ, రెండు వారాలకు మించి దగ్గు, బరువు తగ్గడం ఉంటే కళ్లె పరీక్ష చేయించండి, క్షయ కావచ్చు. గుండెదడ, చేతుల వణుకు ఉంటే థైరాయిడ్ పరీక్ష అవసరం. షుగరు మందు వేసుకుని భోజనం ఆలస్యమైనవారికి హఠాత్తుగా చెమట, వణుకు వస్తే స్పృహలో ఉండగానే పంచదార నీళ్లు తాగించండి. ఛాతీ నొప్పితో చల్లటి చెమటలు పడితే వెంటనే 108కి ఫోన్ చేయండి. ఎండలో ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే అది వడదెబ్బ. నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్లు పోసి, విసురుతూ ఆసుపత్రికి తీసుకురండి.

ఇప్పటికే ఏదైనా పసరు, చూర్ణం వాడుతుంటే డాక్టరు దగ్గర దాచకండి. ఆ పొట్లం, మీరు వేసుకునే మాత్రల చీటీ వెంట తెచ్చి చూపించండి.