ఎత్తు ఎక్కడ కావాలి?

విజయవాడ

మేనల్లుడికి,

నీ మహీంద్రా థార్ ఫొటోలు చూశాను. బండి శుభ్రంగా ఉంది. బండిని మూడంగుళాలు పైకి లేపే లిఫ్టు చేయించి 33 అంగుళాల టైర్లు వేయించాలని ఉందనీ, షాపులో అడ్వాన్సు అడుగుతున్నారనీ రాశావు. డబ్బు కట్టకముందే నన్ను అడిగినందుకు సంతోషం. నలుగురూ వేయించుకున్నారని నువ్వూ వేయించుకోకు. లేపితే బండిలో ఏది లేస్తుందో, ఏది లేవదో తెలుసుకుని అప్పుడు తేల్చుకో.

స్ప్రింగుల దగ్గర లిఫ్టు చేస్తే లేచేవి ఛాసిస్, దాని మీద బాడీ. వెనక యాక్సిల్ ఉన్నచోటే ఉంటుంది. ఆ యాక్సిల్ మధ్యలో గుండులా వేలాడే డిఫరెన్షియలే మన పొలాల దారుల్లో ముందుగా నేలకి తగిలేది. వానాకాలం ట్రాక్టర్లు తిరిగిన దారి నువ్వు చూసిందే. అటూ ఇటూ లోతుగా గాడులు పడి, మధ్యలో మట్టి గట్టులా నిలబడుతుంది. చక్రాలు గాడుల్లోకి దిగాక డిఫరెన్షియల్ ఆ గట్టుని దున్నుకుంటూ పోయి ఎక్కడో ఒకచోట కూర్చుంటుంది. బాడీని మూడంగుళాలు లేపినా అక్కడ ఒరిగేదేమీ ఉండదు.

యాక్సిల్ ఎత్తు పెంచేది టైరొక్కటే. అదీ టైరు పెరిగినదాంట్లో సగం. నీ బండికి కంపెనీ ఇచ్చింది 255/65 ఆర్18. 255లో 65 శాతం అంటే 166 మిల్లీమీటర్లు. అది పైనా కిందా రెండుసార్లు, మధ్యలో రిమ్ము 457, మొత్తం 789. దాదాపు 31 అంగుళాలన్నమాట. నువ్వడిగే 33 కోవలోకి వచ్చే 285/70 ఆర్17కి ఇదే లెక్క కడితే 831 వస్తుంది. తేడా 42. యాక్సిల్ లేచేది 21 మిల్లీమీటర్లు. అంగుళం కూడా నిండదు. లక్షల్లో ఖర్చు మాట వచ్చినప్పుడు ఈ 21 గుర్తుపెట్టుకో.

మరి లిఫ్టు దేనికంటే, ముఖ్యంగా ఆ పెద్ద టైరుకి చోటు చేయడానికి. స్టీరింగు పూర్తిగా తిప్పి ఉండగా ఒక చక్రం రాయి ఎక్కి లోపలికి నొక్కుకుంటే, టైరు ఫెండర్‌కీ లోపలి లైనర్‌కీ రాసుకుంటుంది. బండి ముక్కు గట్టుకి తగలకుండా, నడుము దిబ్బ మీద ఆనకుండా కూడా లిఫ్టు పనికొస్తుంది. ఆ ప్రయోజనం నిజమే. కానీ కంపెనీయే ఈ బండికి 226 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్సు ఇచ్చింది. నువ్వు తిరిగే చోట అది చాలలేదా? చాలకపోతే తగిలింది ఏ భాగం? బండి కింద దూరి గీతలు ఎక్కడ పడ్డాయో చూడు. నీకు ఎత్తు ఎక్కడ కావాలో అవే చెబుతాయి.

పాత మహీంద్రా 540 జీపులకి ముందూ వెనకా కమాన్లే. పట్టీ ఒకటి ఎక్కువ వేసి లేపడం మన ఆటోనగర్‌లో చాలామందికి తెలిసిన పనే. 2020లో వచ్చిన నీ థార్ అలా కట్టింది కాదు. ముందు చక్రాలు దేనికది విడిగా కదులుతాయి, ముందు డిఫరెన్షియల్ ఛాసిస్‌కి బిగించి ఉంటుంది. ఛాసిస్ లేస్తే అదీ లేస్తుంది, చక్రం మాత్రం నేల మీదే ఉంటుంది. దాంతో రెంటినీ కలిపే షాఫ్టు వాలుగా నిలబడుతుంది. దాని చివరి సీవీ జాయింటు మోచెయ్యి లాంటిది. అవసరమైనప్పుడు బాగా వంగగలదు కానీ, ఎప్పుడూ వంగే పని చెయ్యమంటే తట్టుకోలేదు. రబ్బరు బూటు మడతల దగ్గర చిట్లుతుంది, గ్రీజు బయటికి పోయి మట్టి లోపలికి పోతుంది, మలుపులో టకటకమంటూ శబ్దం మొదలవుతుంది.

నాకు ఇంతకంటే ముఖ్యమనిపించేది ఇంకొకటుంది. స్ప్రింగు పైన స్పేసర్ పెట్టి లేపితే ఎత్తు వస్తుంది, చక్రం కదలిక పెరగదు. షాకర్ పొడవు అదే కదా. స్ప్రింగు చక్రాన్ని ముందే కిందికి తోసి ఉంచడంతో, గుంట వచ్చినప్పుడు చక్రం ఇంకా కిందికి దిగడానికి మిగిలేది తక్కువ. రాళ్ల దారిలో బండి ముందుకి పోయేది నాలుగు చక్రాలూ నేలని పట్టుకున్నప్పుడే. గాల్లో వేలాడే చక్రం ఊరికే తిరుగుతుంది. స్పేసర్లతో లేపిన బండి చూడ్డానికి మొనగాడిలా ఉండి, గుంటల్లో కంపెనీ బండి కంటే ముందే చక్రం ఎత్తేయడం నేను ర్యాంపు మీద ఎక్కించి చాలాసార్లు చూశాను. చేయిస్తే స్ప్రింగులూ, వాటికి సరిపడా పొడుగు షాకర్లూ కలిపి ఇచ్చే కిట్టే చేయించు. వెనక యాక్సిల్‌ని పక్కకి పోకుండా పట్టే అడ్డకడ్డీ కూడా చూసుకోవాలి. బండి లేస్తే ఆ కడ్డీ యాక్సిల్‌ని ఒక వైపుకి లాగుతుంది. బ్రేకు గొట్టాలు బిగిసిపోలేదు కదా అని చక్రాలు వేలాడదీసి చూడాలి. అలైన్‌మెంటు ఎలాగూ తప్పదు.

రోడ్డు మీద సంగతి. పెద్ద టైరు బరువెక్కువ. తిప్పడానికి ఇంజనుకీ కష్టం, ఆపడానికి బ్రేకుకీ కష్టం. మీటరు 100 చూపిస్తుంటే బండి 105 మీద పోతుంటుంది. గేర్లన్నీ ఆ మేరకు పొడుగైనట్టే కాబట్టి, ఏటవాలులో మెల్లగా పాకించేటప్పుడు క్లచ్ మీద కాలు పడుతుంది. ముందుచక్రానికీ వెనకచక్రానికీ మధ్య దూరం 2450 మిల్లీమీటర్లే ఉన్న పొట్టి బండి ఇది. దాన్ని ఇంకా ఎత్తు చేసి ఔటర్ రింగు రోడ్డు మీద హఠాత్తుగా లేను మారిస్తే నాకు భయం. వెనక తలుపుకి వేలాడే స్టెప్నీ కూడా బరువెక్కుతుంది, ముందు అరిగేవి ఆ తలుపు కీళ్లే.

చట్టం కూడా చూసుకో. తయారీదారు ఇచ్చిన అసలు వివరాలకి విరుద్ధంగా మార్చిన బండిని రిజిస్టరు చేయకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో చెప్పింది. అదే ఏడాది మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణలో, అనుమతి లేని మార్పుకి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకి 5000 రూపాయల జరిమానా, లేదా రెండూ అని పెట్టారు. ప్రమాదం జరిగితే బీమావాళ్లు చెప్పని మార్పుల దగ్గరే పేచీ పెడతారు. పక్కసీట్లో కూర్చునేవాళ్ల గురించి కూడా ఆలోచించు.

ఐస్‌లాండులో జీపులకి 38 అంగుళాల టైర్లు వేస్తారని వీడియోలు పంపావు. అక్కడ మెత్తటి మంచు. గాలి దాదాపు తీసేసి, దిగబడకుండా పైపైన తేలుతూ పోవడానికి ఆ టైర్లు. మన నల్లరేగడి తీరు వేరు. పైన బంక, కొంత లోతున గట్టినేల. మహీంద్రావాళ్లు మొదట్లో బిగించిన విల్లీస్ జీపుకి వెడల్పు తక్కువ టైర్లే ఉండేవి, బురదని కోసుకుంటూ కిందికి దిగి గట్టినేలని పట్టుకునేవి. రేగడిలో టైరు వెడల్పు కంటే దాని పళ్ల మధ్య సందులు ముఖ్యం. సందులు ఇరుకైతే మట్టి కూరుకుని నున్నటి టైరైపోతుంది.

కాబట్టి నా మాట వింటే, ముందు ఇదే సైజులో మంచి ఆల్ టెర్రెయిన్ టైర్లు వేయించు. ఒక గేజీ, చిన్న కంప్రెసరు కొను. బురదలోకి దిగే ముందు గాలి 20 పీఎస్ఐ దాకా తగ్గించు, టైరు నేల మీద పొడుగ్గా పరుచుకుంటుంది. తిరిగి తారు రోడ్డెక్కే ముందు తలుపు దగ్గర స్టిక్కరు మీద ఉన్నంత గాలి నింపు, మరిచిపోకు. కింద గుద్దుకునే చోట ఇనప ప్లేటు వేయించు. ఒక వానాకాలం అలా తిరుగు. అప్పటికీ ఎత్తు చాలకపోతే లిఫ్టు మాట మాట్లాడదాం.

షాపులో చూపించిన కిట్టు పెట్టె ఫొటో తీసి పంపు. అందులో షాకర్లున్నాయా, ఒట్టి స్పేసర్లేనా అన్నది నాకు కావాలి. బండి కింద గీతల ఫొటోలు కూడా పంపు. అక్కయ్యనీ బావగారినీ అడిగానని చెప్పు.

మీ మామయ్య